కొండదారిలో థ్రాటిల్‌కు ఎంత పని చెప్పాలి?

అందరికీ నమస్కారం.

మన్యం దారుల్లో సైకిల్ తొక్కేవాళ్లు, తొక్కాలని ఉవ్విళ్లూరుతున్నవాళ్లు ఇంతమంది ఒకచోట చేరడం చాలా సంతోషంగా ఉంది. రాళ్లు, బురద, ఇసుక, నిటారు మలుపులు ఉన్న దారిలో ఎలక్ట్రిక్ సైకిల్‌కు థ్రాటిల్, అంటే తొక్కకుండానే చేత్తో మోటారును నడిపించే ఏర్పాటు, ఉండాలా, అక్కర్లేదా అన్నది ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం. దీని మీద మనలో రెండు పక్షాలున్నాయి. థ్రాటిల్ తిప్పుకుంటూ పోయేది సైకిలే కాదు, ఒట్టి బద్ధకం అంటారు ఒకరు. అంత డబ్బు పోసి మోటారు కొన్నాక ఇంకా తొక్కడమెందుకు అంటారు ఇంకొకరు. నేను ఎవరి పక్షమూ కాదు. కష్టమైన దారిలో థ్రాటిల్ కొన్ని క్షణాల కోసం ఉన్న పనిముట్టు. ఆ క్షణాల్లో దానికి సాటి వచ్చేది లేదు. అవి దాటాక కూడా దాన్నే నమ్ముకుంటే మోటారుకూ బ్యాటరీకీ చేటు, ఒక్కోసారి మీకూ చేటు.

ముందు లెక్క చూద్దాం. మనిషి 70 కిలోలు, సైకిల్ 25 కిలోలు, మొత్తం 95 కిలోలు అనుకోండి. పది శాతం వాలు, అంటే వంద మీటర్లు ముందుకు పోయేసరికి పది మీటర్లు పైకి లేచే దారి. దాన్ని గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే బరువును పైకి లాగడానికే దాదాపు 260 వాట్లు కావాలి. మట్టిదారి మీద టైర్లకు తగిలే నిరోధం కూడా కలిపితే 280 దాటుతుంది. మన దేశంలో లైసెన్సు, రిజిస్ట్రేషన్ లేకుండా నడుపుకోగల సైకిల్ మోటారు అరగంట పాటు నిలకడగా ఇచ్చే శక్తి 250 వాట్లలోపే ఉండాలి. వేగం 25 కిలోమీటర్లలోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలకు మించకూడదు. ఇది కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో ఉన్న మాటే. మోటారు కాసేపు అంతకు మించి లాగగలదు, కానీ ఘాట్ రోడ్డు కాసేపట్లో అయిపోయేది కాదు. ఆరోగ్యంగా ఉన్న మామూలు మనిషి కాళ్లు గంటసేపు ఆగకుండా 100 వాట్లు ఇవ్వగలవు. కాళ్లు వంద ఇస్తే మోటారు మీద పడేది నూట ఎనభై. అప్పుడు మోటారు హాయిగా పనిచేస్తుంది. కాళ్లను ఊరికే వేలాడదీశారా, మొత్తం భారం దాని నెత్తిన పడుతుంది.

బ్యాటరీ సంగతీ అంతే. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. 95 కిలోల బరువును అంత ఎత్తుకు చేర్చడానికి చక్రం దగ్గర కావలసిన శక్తి సుమారు 233 వాట్-అవర్లు. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది మొత్తం 360. మోటారులో వేడిగా పోయేది, టైర్ల నిరోధం, మధ్యమధ్య పల్లంలోకి దిగి మళ్లీ ఎక్కేది, ఇవన్నీ కలుపుకొంటే థ్రాటిల్ మీదే పైకి చేరతామనుకోవడం భ్రమ. అనంతగిరి దాటకముందే చార్జింగ్ అయిపోయి, పాతిక కిలోల సైకిల్‌ను కాఫీ తోటల పక్కన నెట్టుకుంటూ పోవాల్సి వస్తుంది.

ఇప్పుడు మోటారు లోపలికి వెళదాం. మన దగ్గర అమ్ముడయ్యే సైకిళ్లలో ఎక్కువ వాటికి మోటారు వెనక చక్రం ఇరుసు దగ్గర ఉంటుంది. దీన్ని హబ్ మోటారు అంటాం. దీనికి మీ సైకిల్ గేర్లతో సంబంధం లేదు. మీరు ఎంత చిన్న గేరు వేసినా అది కాళ్లకే సాయం, మోటారుకు కాదు. చక్రం తగినంత వేగంగా తిరిగినప్పుడే అది బ్యాటరీ ఇచ్చిన శక్తిని బాగా వాడుకుంటుంది. వేగం మనిషి నడక స్థాయికి పడిపోయినా మీరు థ్రాటిల్ పూర్తిగా తిప్పే ఉంచితే కరెంటు వస్తూనే ఉంటుంది, చక్రం మాత్రం అంతగా తిరగదు. మూట నెత్తిన పెట్టి కూలీని కదలకుండా నిలబెట్టినట్టు, పని జరగదు గానీ అలసట తప్పదు. ఇక్కడ ఆ అలసట తీగచుట్టల్లో వేడి. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది. చాలా హబ్ మోటార్లలో నైలాన్ పళ్లచక్రాలుంటాయి, ఎక్కువ వేడికి అవి మెత్తబడి అరిగిపోతాయి. కాలిన వాసన వచ్చేదాకా ఆగకండి. వేగం నడక స్థాయికి దిగిందంటే థ్రాటిల్ వదిలి, చిన్న గేరులో కాళ్లతో గట్టిగా తొక్కండి. అదీ చేతకాకపోతే దిగి నెట్టండి, అందులో నామోషీ ఏమీ లేదు.

మోటారు పెడల్ ఇరుసు దగ్గరే ఉండే సైకిళ్లు వేరు. అక్కడ మోటారు బలం చైను మీదుగా, గేర్ల మీదుగా పోతుంది కాబట్టి చిన్న గేరు వేస్తే మోటారుకూ సుఖమే. నిటారు దారికి ఇదే సరైనది. కాకపోతే ధర ఎక్కువ, చైను త్వరగా అరుగుతుంది. గేరు మార్చే క్షణంలో పెడల్ మీద ఒత్తిడి తగ్గించకపోతే చైను తెగనూవచ్చు.

మీరు తొక్కుతున్నారని మోటారుకు ఎలా తెలుస్తుందో కూడా చూడాలి, థ్రాటిల్ అవసరం ఎంతన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. చవక సైకిళ్లలో పెడల్ ఇరుసు చుట్టూ చిన్న అయస్కాంతాలున్న బిళ్ల ఉంటుంది. అది తిరుగుతోందా లేదా అన్నదే సెన్సర్ చూస్తుంది. ఎంత బలంగా తొక్కుతున్నారో దానికి తెలియదు. అందుకే పెడల్ కొంత తిరిగాక గానీ మోటారు అందుకోదు, మీరు ఆపాక కూడా క్షణం పాటు లాగుతూనే ఉంటుంది. చదును రోడ్డు మీద ఇది లెక్కలోకి రాదు. నిలువు వాలు మీద మాత్రం ఆ కొంత తిరగడమే కష్టం. పైగా హెయిర్‌పిన్ మలుపులో మీరు తొక్కడం ఆపాక కూడా సైకిల్ ముందుకు దూకితే గుండె జారుతుంది. ఖరీదైన వాటిలో టార్క్ సెన్సర్ ఉంటుంది. కాలి ఒత్తిడిని కొలిచి, దానికి తగినంతే మోటారు బలాన్ని ఇస్తుంది. టార్క్ సెన్సర్ ఉన్న సైకిల్ మీద థ్రాటిల్ లేని లోటు పెద్దగా తెలియదు. అయస్కాంతాల సెన్సర్ ఉన్నదాని మీద కొండ ఎక్కేవాడికి థ్రాటిల్ లేకపోతే నరకమే. థ్రాటిల్‌ను తిట్టేవాళ్లలో చాలామంది ఖరీదైన సైకిళ్లు తొక్కేవాళ్లే. ఎదుటివాడి సైకిల్ ఏదో చూడకుండా బద్ధకస్తుడని ముద్ర వేయడం అన్యాయం.

ఇక అసలు విషయం, వాలు మీద ఆగిపోయి మళ్లీ కదలడం. కొండదారిలో సగం ఇబ్బందులు ఇక్కడే. మన సైకిళ్లలో బ్రేకు పిడిలో ఒక స్విచ్చు ఉంటుంది. పిడి కాస్త కదిలినా మోటారు ఆగిపోతుంది. భద్రత కోసం పెట్టిందే, మంచిదే. కానీ బ్రేకు పట్టుకొని థ్రాటిల్ ఇవ్వలేరు. బ్రేకు వదిలాక మోటారు అందుకునేలోగా సైకిల్ వెనక్కి జారుతుంది. దీనికి చేయవలసింది ఇది. ఆగబోయే ముందే చిన్న గేరులోకి మార్చుకోండి. ఆగాక ఎడమ కాలు నేల మీద ఉంచి, కుడి పెడల్‌ను గడియారంలో రెండు గంటల ముల్లు ఉండేచోటికి తెచ్చుకోండి. ఒళ్లు ముందుకు వంచి, బరువు హ్యాండిల్ వైపు వేయండి. కుడికాలు పెడల్‌ను నొక్కుతూ ఉండగానే బ్రేకు పూర్తిగా వదలండి, వదిలిన వెంటనే థ్రాటిల్ కొద్దిగా, కొద్దిగానే ఇవ్వండి. సైకిల్ కదిలి ఎడమ కాలు పెడల్ మీదికి చేరగానే థ్రాటిల్ పని అయిపోయింది. దారి వెడల్పుగా ఉండి బండ్లు రాకపోతే సైకిల్‌ను వాలుకు అడ్డంగా పెట్టి కదిలించి, తర్వాత పైకి తిప్పడం ఇంకా సులువు.

ఈ బ్రేకు స్విచ్చుతో ఇంకో మెలిక ఉంది. రాళ్ల దారిలో భయంతో వేళ్లు బ్రేకు మీదే ఉంచుతాం, కుదుపుకు పిడి కాస్త కదిలి, ఎక్కుతున్న సైకిల్ ఉన్నట్టుండి నీరసపడుతుంది. చాలామంది మోటారు చెడిపోయిందనుకుంటారు. ఎక్కేటప్పుడు వేళ్లు పిడికి దగ్గరగా ఉంచండి, తాకించకండి. ఇదే స్విచ్చు మలుపుల్లో మీకు సాయం కూడా. తొక్కడం ఆపినా మోటారు లాగుతుంటే బ్రేకును ఒక్కసారి మునివేలితో తట్టండి, అది చాలు.

పెద్ద రాయి దాటేటప్పుడు థ్రాటిల్ విలువ బాగా తెలుస్తుంది. పెడల్ తిప్పుతూ పోతే కింద ఉన్న పెడల్ రాయికి కొట్టుకుని మనిషి పక్కకు పడతాడు. రెండు పెడళ్లూ నేలకు సమంగా ఉంచి, సీటు మీంచి కాస్త లేచి, ఒక్క సెకను థ్రాటిల్ ఇస్తే చక్రం రాయి ఎక్కి దిగుతుంది. థ్రాటిల్ లేనివాళ్లు పెడల్‌ను సగం ముందుకు, మళ్లీ వెనక్కి తెచ్చి సగం ముందుకు తిప్పుతూ దాటాలి. సాధన చేస్తే ఇది థ్రాటిల్ కంటే నేర్పైన పద్ధతి, వెనక చక్రం పట్టు ఎక్కడ తప్పుతోందో కాలికే తెలుస్తుంది. వదులు కంకర మీదా, తడిసిన ఎర్రమట్టి మీదా థ్రాటిల్‌కు ఆ స్పృహ ఉండదు. ఇచ్చినంతా ఇచ్చేస్తుంది, చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఇసుకలో అయితే గుంత తవ్వుకుంటుంది. నిటారు చోట మొత్తం ఒకేసారి ఇస్తే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది.

థ్రాటిల్ రకం కూడా చూసుకోండి. మోటారు సైకిల్‌లా పిడి తిప్పే రకం కొండదారికి నాకు ససేమిరా నచ్చదు. గుంతలో పడి ఒళ్లు వెనక్కి పోయినప్పుడు చెయ్యి తెలియకుండానే పిడిని ఇంకాస్త తిప్పేస్తుంది, ఆగాల్సిన చోట సైకిల్ దూకుతుంది. బొటనవేలితో నొక్కే రకమే క్షేమం. సైకిల్ దిగి పక్కన నడిచేటప్పుడు కరెంటు ఆపేయండి, లేదా నడక వేగంతో నెట్టే ఏర్పాటు ఉంటే అది వాడుకోండి.

ఇతర దేశాలు ఏం చేశాయన్నది కొద్దిగా చెబుతాను. కాలి బలానికి తోడుగా మోటారు అన్న ఆలోచనతో యమహా 1993లో జపాన్‌లో సైకిల్ అమ్మింది. ఆ దేశంలో ఇప్పటికీ తొక్కకుండా కదిలేది సైకిల్ కిందికి రాదు. ఐరోపాలో 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగం దాకా తొక్కితేనే సాయం, తొక్కకుండా అయితే గంటకు 6 కిలోమీటర్లే. అమెరికాలో చాలా రాష్ట్రాలు మూడు తరగతులు పెట్టాయి. థ్రాటిల్ ఉన్నది రెండో తరగతి, కొండల్లోని మట్టిబాటల్లోకి చాలాచోట్ల దాన్ని రానివ్వరు. 2019లో కెనడాలోని మాంట్-సెయింట్-ఆన్‌లో ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకుల మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. దక్షిణాఫ్రికాకు చెందిన అలన్ హాథర్లీ, స్విట్జర్లాండ్‌కు చెందిన నాథలీ ష్నైటర్ గెలిచారు. అక్కడా తొక్కితేనే మోటారు.

అయినా ఆ నియమాలు మక్కీకి మక్కీ మనకూ కావాలని నేననను. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లున్నారు, శస్త్రచికిత్స అయినవాళ్లున్నారు. వాళ్లకు ఎత్తు మీద కదలిక తెచ్చే ఆ మొదటి తోపు లేకపోతే సైకిలే మానేస్తారు. వాళ్ల దగ్గర్నుంచి థ్రాటిల్ లాక్కోవడానికి నాకు మనసొప్పదు. నేను పట్టుబట్టేది దారి మీది మర్యాద గురించి. ఏజెన్సీలో సంత రోజు తలమీద గంపలతో ఆడవాళ్లు వరుసగా నడిచివస్తుంటారు. మన సైకిల్ చప్పుడు వాళ్లకు వినిపించదు. దూరం నుంచే గంట కొట్టండి, వేగం తగ్గించండి, అవసరమైతే దిగి దారి ఇవ్వండి. ఆ దారి వాళ్లది. రిజర్వు అడవిలోకైతే అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకండి.

దిగడం గురించి ఒకటి రెండు మాటలు. దిగేటప్పుడు బ్యాటరీ మళ్లీ చార్జ్ అవుతుందని కొందరు ఆశపడతారు. పళ్లచక్రాల హబ్ మోటారులో అది జరగదు, దిగేటప్పుడు చక్రం ఒక్కటే తిరుగుతుంది, మోటారు తిరగదు. బరువు మాత్రం మామూలు సైకిల్ కంటే చాలా ఎక్కువ, అదంతా బ్రేకుల మీదే. అదే పనిగా పట్టి ఉంచకుండా గట్టిగా పట్టి వదులుతూ రండి, నాలుగైదు మలుపులకోసారి ఆగి డిస్కులు చల్లారనివ్వండి. కేబుల్ బ్రేకులైతే బయలుదేరేముందు బిగింపు చూసుకోండి.

కొనబోయేవాళ్లు దుకాణం ముందున్న చదును రోడ్డు మీద నడిపి తృప్తి పడకండి. దగ్గర్లోని ఫ్లైఓవర్ ఎత్తు మీదికైనా తీసుకెళ్లి, సగంలో ఆపి, థ్రాటిల్ ముట్టకుండా కదిలించి చూడండి. తర్వాత థ్రాటిల్‌తో చూడండి. సెన్సర్ ఏ రకం, గేర్లలో వెనక పెద్ద పళ్లచక్రం ఎంతది అని అడగండి. జవాబు చెప్పలేని చోట కొనకండి.

సైకిళ్లు తెచ్చుకున్నవాళ్లు బయట ర్యాంపు దగ్గరికి రండి. వాలు మీద ఆగి కదలడం ఒక్కొక్కరితో చేయిస్తాను, థ్రాటిల్ లేని సైకిళ్లతో మొదలుపెడదాం.