ఎంత దూరమో పక్షినే చెప్పనివ్వండి
(నెల్లూరులో పక్షుల ఫొటోలు తీసే కుర్రకారుతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈశాన్య రుతుపవనాలు రాగానే మీలో సగంమంది కెమెరాలు భుజానేసుకుని సూళ్లూరుపేట దారి పడతారని నాకు తెలుసు. 2022లో జిల్లాలు మారినప్పుడు పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల అభయారణ్యం తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. అయినా నెల్లూరు వాళ్లకు ఆ పక్షుల మీద చనువు తగ్గలేదు. ఆ చనువుతోనే మాట్లాడుతున్నా.

ఫ్లెమింగోలను పక్కన పెడదాం. వాటిని బస్సు కిటికీలోంచైనా చూడొచ్చు. మీరు పులికాట్ మధ్యగా పోయే రోడ్డు అంచున బురదలోకి చూడండి. అక్కడ పిచ్చుకంత ఉల్లంకి పిట్ట ఒకటి గబగబా ముక్కుతో పొడుస్తూ తిరుగుతుంటుంది. బరువు పాతిక గ్రాములకు అటూ ఇటూ. అది పుట్టింది ఆర్కిటిక్ టండ్రాలో. వేల కిలోమీటర్లు ఎగిరి మన తీరానికి వచ్చింది, చలికాలం గడిచాక మళ్లీ అంత దూరమూ పోవాలి. ఆ ప్రయాణానికి కావలసిన కొవ్వును ఈ బురదలో దొరికే పురుగూ పుట్రా తినే కూడబెట్టుకోవాలి. గుంపు ఎగిరే ఫొటో కావాలని ఒకరు చప్పట్లు కొడతారు, ఇంకొకరు రాయి విసురుతారు. ఆ ఒక్క ఫొటో కోసం అన్ని పిట్టల మేత చెడగొట్టడం నాకు కోపం తెప్పిస్తుంది. ఆ మాట ఇక్కడ దాచుకోను. డ్రోను ఎగరేయడం ఇంకా ఘోరం.

ఎంత దూరంలో నిలబడాలో పక్షే చెబుతుంది. తినడం ఆపి మెడ నిక్కించిందంటే మీరు ఎక్కువ దగ్గరికొచ్చారు. అక్కడే ఆగండి. అయినా సర్దుకోకపోతే వెనక్కి తగ్గండి. తీతువు అరవడం మొదలుపెడితే చుట్టుపక్కల గుంపులన్నీ లేచిపోతాయి, ఆ పూటకు ఇక మీ పని అయిపోయినట్టే. మన వలలోళ్లను గమనించండి. వాళ్లు రోజూ మోకాళ్ల లోతు నీళ్లలో తిరిగినా కొంగలు పెద్దగా బెదరవు. వాళ్లు పక్షి మీదికి నేరుగా నడవరు, దాన్ని గుచ్చి చూడరు, వల చూసుకుంటూ పక్కగా పోతారు. మీరూ అలాగే ఏటవాలుగా నడవండి, మధ్యమధ్య ఆగండి, కూర్చోండి. కూర్చున్న మనిషిని పిట్ట త్వరగా మరిచిపోతుంది. అప్పుడు అదే దగ్గరికొస్తుంది. కారులో ఉంటే దిగకండి. తలుపు చప్పుడుకే సగం గుంపు పోతుంది.

వెలుగు సంగతి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యగా పడమటి నుంచి తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరం పక్కనున్న పక్షుల మీద వెలుగు మీ వీపు వైపు నుంచి పడుతుంది. రంగులు కావాలంటే అటు చూడండి. దక్షిణం వైపు చూస్తే నీడబొమ్మలే వస్తాయి, పొడుగు కాళ్ల పిట్టలకు అదీ ఒక అందమే. షార్ రాకెట్ కేంద్రం గేటు వైపు మాత్రం లెన్సు తిప్పొద్దు.

తెల్లకొంగ నల్లటి నీళ్ల ముందు నిలబడితే కెమెరా నీళ్లను చూసి మోసపోతుంది, ఈకలు సున్నం కొట్టినట్టు తెల్లబారిపోతాయి. ఎక్స్‌పోజరు, అంటే కెమెరా పట్టే వెలుగు, కాస్త తగ్గించండి. అదే కొంగ వెలుగున్న ఆకాశంలోకి ఎగిరితే పెంచాలి. రెక్కలు కదలకుండా రావాలంటే షట్టరు వేగం సెకనులో రెండు వేలో వంతైనా ఉండాలి. లెన్సు పక్షి కంటి ఎత్తుకు దిగితే బొమ్మకు ప్రాణం వస్తుంది. అలాగని తెలియని బురదలో దిగకండి, కూరుకుపోతారు.

కెమెరా కంటే ముందు ముక్కును చదవండి. కర్లూ ముక్కు పొడుగ్గా కిందికి వంగి ఉంటుంది, బురద లోతుల్లోని పీతలను లాగుతుంది. తెడ్డుమూతి కొంగ నోరు కొంచెం తెరిచి నీళ్లలో అటూ ఇటూ ఊపుతుంది. ఫ్లెమింగో తల తలకిందులు చేసి నీళ్లు వడగడుతుంది. ఏ పక్షి ఎప్పుడు తల ఎత్తుతుందో తెలిస్తే మీ వేలు ముందే సిద్ధంగా ఉంటుంది. కృష్ణపట్నం కయ్యల దగ్గరా, పెన్న సముద్రంలో కలిసే చోటా పోటు సమయం కూడా కనుక్కోండి. నీళ్లు తగ్గి బురద బయటపడినప్పుడే మేత, నీళ్లెక్కితే అవి గట్ల మీద చేరి నిద్రపోతాయి. నిద్రపోయేవాటిని అసలు లేపకండి.

ఇసకపల్లి లాంటి చోట ఉప్పు మళ్ల గట్లు కనిపిస్తే వేసవిలో అడుగు చూసి వేయండి. తీతువులు గూడు కట్టవు, వట్టి నేల మీదే గుడ్లు పెడతాయి. ఎండ మండేటప్పుడు తల్లి పొట్ట ఈకలు తడుపుకొచ్చి ఆ గుడ్లను చల్లబరుస్తుంది. మీరు పక్కనే కూర్చుని ఫొటోలు తీస్తున్నంతసేపూ అది రాలేదు, గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. గుడ్ల ఫొటో వద్దు, గుడ్లున్న చోటు నలుగురికీ చెప్పొద్దు. నేలపట్టులో గూడబాతుల గూళ్లు చెట్ల మీద ఉంటాయి, వాటిని టవరు మీద నుంచే చూడండి. అభయారణ్యంలో ఫొటోలకు అటవీశాఖ అనుమతి కావాలని 1972 వన్యప్రాణి చట్టంలోనే ఉంది.

చివరిగా ఒక పని అప్పజెబుతాను. మీరు తీసిన ప్రతి ఉల్లంకి ఫొటోలో కాళ్లు పెద్దవి చేసి చూడండి. కొన్నిటికి, అవి ఎక్కడెక్కడికి పోతాయో తెలుసుకోవడానికి పరిశోధకులు వేసిన లోహపు కడియమో, రంగు జెండానో ఉంటుంది. ఆ రంగులూ అక్షరాలూ కనబడితే ఆ పక్షికి ఎక్కడ జెండా వేశారో పట్టుకోవచ్చు. తేదీ, చోటు రాసి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. ప్రతి జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ పేరుతో నీటిపక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచి నడుస్తోంది. ఈసారి మన చెరువులకూ ఉప్పు మళ్లకూ లెక్క రాసేవాళ్లు కావాలి. పేర్లు ఇవ్వదలచుకున్నవాళ్లు ఇక్కడ బల్ల మీదున్న నోటుబుక్కులో రాయండి.