హోదా పెద్దది, జీతం చిన్నది: డిప్లొమా ఇంజినీర్ల వేతనాలపై స్టూడియో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు, అంటే లేబర్ కోడ్లు, అమలులోకి వచ్చినప్పటి నుంచి జీతాల చీటీ ఎలా మారుతుందన్న వాదన ప్రతి పరిశ్రమలోనూ నడుస్తోంది. పాలిటెక్నిక్ చదివి కర్మాగారాల్లో, నిర్మాణ స్థలాల్లో, సబ్‌స్టేషన్లలో పనిచేస్తున్న డిప్లొమా ఇంజినీర్ల మాట మాత్రం ఈ వాదనలో వినిపించడం లేదు. ఈ రోజు మనతో బాలానగర్‌లో యంత్రభాగాలు తయారుచేసే పరిశ్రమ యజమాని, కార్మిక చట్టాలపై వాదించే న్యాయవాది, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ప్రిన్సిపాల్ గారు, ఒక డిప్లొమా ఇంజినీరు ఉన్నారు. నలుగురికీ సమానంగా సమయం ఇస్తాను. ముందుగా ఈ జీతంతో ఇల్లు నడుపుతున్న వ్యక్తినే అడుగుదాం.

డిప్లొమా ఇంజినీరు: నమస్కారమండి. నేను 2018లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేశాను. మొదటి ఏడాది అప్రెంటిస్‌గా ఉన్నాను. అప్పట్లో డిప్లొమా వారికి నిర్ణయించిన కనీస స్టైపెండు నెలకు 3,542 రూపాయలు. గది అద్దెకూ మెస్సుకూ అది చాలక ఇంటి నుంచి డబ్బు తెప్పించుకున్నాను. తరవాత మూడేళ్లు కాంట్రాక్టరు రోల్ మీద చేసి, ఇప్పుడు కంపెనీ రోల్ మీద నాణ్యతా విభాగంలో ఉన్నాను. ఇన్నేళ్లకు నా చేతికొచ్చేది 23,500. నేను కొలతలు నేర్పిన ఇద్దరు బీటెక్ కుర్రాళ్లు చేరిన నెలలోనే 26,000 తీసుకున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదండి. కానీ మేం ముగ్గురం ఒకే బల్ల దగ్గర, ఒకే మైక్రోమీటరుతో, ఒకే భాగాన్ని కొలుస్తున్నప్పుడు...

పారిశ్రామికవేత్త: ఒక్క నిమిషం. ఇక్కడే ప్రేక్షకులకు అపోహ కలుగుతుంది కనుక అడ్డుపడుతున్నాను. కొలవడం ఒక్కటే పని కాదు. కొలత తప్పితే ఎందుకు తప్పిందో, అది టూలు అరుగుదలో, భాగాన్ని పట్టి ఉంచే ఫిక్స్చర్ కదలడమో, ఆఫ్‌సెట్, అంటే యంత్రానికి ఇచ్చే కొలత సవరణ, తప్పుగా కొట్టడమో తేల్చి చెప్పేవాడికి నేను ఎక్కువ ఇస్తాను. నా దగ్గర 40,000 తీసుకునే డిప్లొమా కుర్రాడు ఉన్నాడు, 18,000 దగ్గరే ఆగిపోయినవాడూ ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే సర్టిఫికెట్. అంటే జీతాన్ని నిర్ణయించేది సర్టిఫికెట్ కాదు, నైపుణ్యం.

న్యాయవాది: అలాగైతే ఆయన నేర్పిన కుర్రాళ్లకు ఆయన కంటే ఎక్కువ ఎందుకు ఇచ్చారో మీరు...

పారిశ్రామికవేత్త: అది ఆ కంపెనీ సంగతి, నేను నా సంగతి చెబుతున్నాను మేడమ్. నేర్పేది నేను, జీతం ఇచ్చేది నేను. మా దగ్గరికి వచ్చే పిల్లలకు డ్రాయింగ్ చదవడం రాదు. టాలరెన్స్, అంటే కొలతలో ఎంత తేడా ఉండొచ్చన్నది, ఏమిటో పుస్తకంలో ఉన్న నిర్వచనం అప్పజెబుతారు, భాగం చేతిలో పెడితే తెల్లబోతారు. ఆరు నెలలు నేర్పిస్తాం. పని వచ్చిందనుకునే సమయానికి పక్క వీధిలో 2,000 ఎక్కువ ఇస్తామంటే వెళ్లిపోతారు. ఆ నష్టాన్ని ఎవరు లెక్కగడతారు?

సమన్వయకర్త: నా ప్రశ్న మరోలా ఉంది. డిప్లొమా తరవాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది కదా. జీతం తేడా ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఆ దారి పట్టకపోవడం విద్యార్థుల పొరపాటు కాదా? ప్రిన్సిపాల్ గారూ, మీరు చెప్పండి.

విశ్రాంత ప్రిన్సిపాల్: పొరపాటు అనే మాటతో నేను ఏకీభవించలేను. పదో తరగతి కాగానే పాలిసెట్ రాసి మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఇంటి పరిస్థితి వల్లే వస్తారు. మూడేళ్లలో ఉద్యోగం వస్తుంది, తమ్ముడి చదువుకు ఆసరాగా ఉంటుంది అన్నది వాళ్ల లెక్క. మరో మూడేళ్లు చదవమనడం అంటే, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా సరే, ఆ మూడేళ్ల సంపాదన వదులుకోమని చెప్పడమే. ఇక జీతాన్ని మలిచే కారణాలు చాలా ఉన్నాయి, వాటిని నైపుణ్యం అనే ఒక్క మాటలో కలిపేయకూడదు. ప్రభుత్వంలో చూడండి. ఏడో వేతన సంఘం ప్రకారం కేంద్రంలో జూనియర్ ఇంజినీరుకు ఆరో స్థాయి, అంటే మూల వేతనం 35,400తో మొదలవుతుంది. ఇంజినీరింగ్ పట్టభద్రులు పై పరీక్ష రాసి చేరే గ్రూప్ ఏ ఉద్యోగానికి పదో స్థాయి, 56,100. తేడా ఉంది, కానీ అది కాగితం మీద రాసి ఉంది, అందరికీ తెలుసు, ఏటా ఇంక్రిమెంటు వస్తుంది. ప్రైవేటులో ఆ మెట్లే కనిపించవు.

పారిశ్రామికవేత్త: ప్రభుత్వానికి పన్నుల డబ్బు వస్తుంది, నాకు ఆర్డర్లు రావాలి. ఆ పోలిక సరికాదు.

విశ్రాంత ప్రిన్సిపాల్: నేను ప్రభుత్వాన్ని ఆదర్శంగా చూపడం లేదండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు ఇంజినీరింగ్ అసిస్టెంట్లుగా చేరిన మా విద్యార్థులు 15,000 స్థిర వేతనంతోనే పనిచేశారు. రెండేళ్లలో ప్రొబేషన్ ముగుస్తుందన్నారు, స్కేలు అందింది మాత్రం 2022 జులై నుంచి. రోడ్డు పనుల కొలతలు, భవనాల పనుల తనిఖీ, అన్నీ ఆ 15,000 మీదే చేశారు. ప్రభుత్వమే ఆ ధర కట్టినప్పుడు ప్రైవేటు కాంట్రాక్టరు అంతకంటే ఎక్కువ ఎందుకు ఇస్తాడు?

సమన్వయకర్త: అంటే డిప్లొమాకు విలువ తగ్గిందనే కదా. అందుకే ఈసెట్ గురించి అడిగాను.

న్యాయవాది: అయ్యా, ఈసెట్ చర్చ కాసేపు పక్కన పెడదాం. నేను ఈయన్ని ఒకటి అడగాలి. బాబూ, నీ నియామక పత్రంలో హోదా ఏమని ఉంది?

డిప్లొమా ఇంజినీరు: సూపర్‌వైజర్ అని ఉందండి.

న్యాయవాది: నీ కింద ఎంతమంది పనిచేస్తారు?

డిప్లొమా ఇంజినీరు: ఎవరూ లేరు. నేనే కొలుస్తాను, నేనే రిపోర్టు రాస్తాను. సెలవు మంజూరు చేసే అధికారం నాకు లేదు, నా సెలవే షిఫ్టు ఇన్‌ఛార్జి మంజూరు చేయాలి. నెలాఖరులో డిస్పాచ్ ఒత్తిడి ఉన్నప్పుడు పన్నెండు గంటలు నిలబడతాను. ఓవర్‌టైం అడిగితే, నువ్వు సూపర్‌వైజర్‌వి కదా, ఆపరేటర్‌లా అడుగుతావేమిటి అన్నారు.

న్యాయవాది: ఈ రోజు మాట్లాడవలసింది ఇదే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం పర్యవేక్షక హోదాలో నెలకు 10,000 దాటి తీసుకునేవారు కార్మికుడి నిర్వచనంలోకి వచ్చేవారు కాదు. ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల స్మృతి ఆ పరిమితిని 18,000 చేసింది. డిప్లొమా ఇంజినీరు జీతం ఆ గీతకు కాస్త పైనే ఉంటుంది. కనుక హోదా కాలమ్‌లో సూపర్‌వైజర్ అని ఒక్క మాట రాస్తే చాలు, అతను కార్మికుడు కాడని వాదించవచ్చు. ఉద్యోగం తీసేస్తే కార్మికుడికి ఉన్న రక్షణ తనకూ ఉందని అతనే నిరూపించుకోవాలి. హోదా పేరు కాదు, ప్రధానంగా చేసే పని ఏమిటన్నదే చూడాలని న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి. కానీ 23,500 జీతగాడు...

పారిశ్రామికవేత్త: మేడమ్, మీరు అన్ని కంపెనీలనూ దొంగలుగా చూపిస్తున్నారు!

న్యాయవాది: నేను ఆ మాట అనలేదు. 23,500 జీతగాడు కోర్టుకు వెళ్లి ఏళ్ల తరబడి...

పారిశ్రామికవేత్త: అదే అర్థం వస్తోంది. నేను ముప్పయ్యేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. సూపర్‌వైజర్ అనే హోదా మేం గౌరవంగా ఇస్తాం. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఆపరేటర్ అని చెప్పుకోవడం ఇష్టం లేక వాళ్లే అడుగుతారు. అది ఎవరూ మాట్లాడరు. నైపుణ్యం గురించి మాట్లాడదామంటే చట్టంలోకి తీసుకెళతారు. మళ్లీ చెబుతున్నాను, నేర్పేది నేను, జీతం ఇచ్చేది నేను. పాలిటెక్నిక్‌లలో ఇంకా పాత లేత్ మీద జాబ్ చేయించి పంపిస్తున్నారు. మా షాపులో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రం ఒక్కటి లక్షల రూపాయలు. ఒక తప్పు ఆఫ్‌సెట్‌తో స్పిండిల్ దెబ్బతింటే ఆ కుర్రాడి ఏడాది జీతం పోతుంది. ఆ నష్టం ఎవరు భరిస్తున్నారు?

విశ్రాంత ప్రిన్సిపాల్: లేత్ మీద చెయ్యి కుదిరినవాడికే సీఎన్‌సీ మీద కోత శబ్దం అర్థమవుతుంది. దాన్ని తీసిపారేయకండి.

పారిశ్రామికవేత్త: శబ్దంతో భాగాలు తయారు కావు సార్.

విశ్రాంత ప్రిన్సిపాల్: కావు. కానీ టూలు విరగబోతోందని ముందుగా తెలిసేది శబ్దంతోనే. మా వర్క్‌షాపులో కొత్త యంత్రాలు లేకపోవడం నిజమే, దానికి నిధులు కావాలి. పారిశ్రామిక శిక్షణకు ఆరు నెలలు మీ దగ్గరికే పంపిస్తాం కదా. ఆ ఆరు నెలలూ పిల్లల చేత ట్రాలీలు తోయించినవాళ్లూ ఉన్నారు, ప్రోగ్రాం రాయించినవాళ్లూ ఉన్నారు.

(ఇక్కడ ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. లేత్, సీఎన్‌సీల మీద సంవాదం సుమారు రెండు నిమిషాలు సాగింది.)

సమన్వయకర్త: మనం జీతాల దగ్గరికి వద్దాం. కొత్త స్మృతుల వల్ల చేతికొచ్చే జీతం తగ్గుతుందని ఒక భయం ఉంది. న్యాయవాది గారూ, క్లుప్తంగా.

న్యాయవాది: మొత్తం పారితోషికంలో భత్యాల వాటా సగానికి మించితే, మించిన మొత్తాన్ని కూడా వేతనంగానే లెక్కించాలన్నది కొత్త నియమం. 20,000 ఇస్తూ బేసిక్ 8,000 మాత్రమే చూపిస్తున్నారనుకోండి, ఇక దాన్ని 10,000గా లెక్కించాలి. పీఎఫ్‌లో ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 960 కట్టేచోట 1,200 అవుతుంది. చేతికి 240 తగ్గుతుంది, కానీ యజమాని వాటా కూడా పెరిగి ఆ డబ్బు ఉద్యోగి ఖాతాలోనే ఉంటుంది, గ్రాట్యుటీ లెక్క కూడా పెరుగుతుంది. నిర్ణీత కాల ఒప్పందం మీద ఉన్నవారికి ఒక ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వచ్చింది. ఇవి మేలు చేసే మార్పులే, కాదనను. నా ఆందోళన అప్రెంటిస్‌ల గురించి. 1961 చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడు. 2019లో డిప్లొమా వారికి కనీస స్టైపెండు 8,000 చేశారు, పట్టభద్రులకు 9,000. ఇందులో కేంద్రం కొంత భరిస్తుంది. 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 36 శాతం పెంచాలని సిఫార్సు చేసింది. కానీ ఒక అప్రెంటిస్ గడువు ముగియగానే అదే యంత్రం మీదికి ఇంకో అప్రెంటిస్ వస్తే, అక్కడ ఉద్యోగం అనేదే పుట్టదు.

పారిశ్రామికవేత్త: 30 మంది, అంతకు మించి ఉంటే అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టమే చెబుతోంది! తీసుకుంటే తప్పు, తీసుకోకపోతే తప్పు. మేం ఎటు పోవాలి? మాకు భాగం ధర నిర్ణయించేది మా కొనుగోలుదారు. ఏటా ధర తగ్గించమని అడుగుతాడు. ఉక్కు ధర పెరిగినా, కరెంటు పెరిగినా, అతను మాత్రం తగ్గించమనే అంటాడు. ఆ ఒత్తిడి చివరికి జీతాల దగ్గరికి రాక ఎక్కడికి పోతుంది?

న్యాయవాది: ఈ ఒక్క మాట నిజాయితీగా చెప్పారు. అంటే నైపుణ్యం ఒక్కటే కాదన్నమాట.

పారిశ్రామికవేత్త: నైపుణ్యమే మొదటిది. నేను దాన్ని వదలను.

సమన్వయకర్త: ప్రిన్సిపాల్ గారూ, డిప్లొమాతోనే మంచి జీతం సంపాదించే దారులు ఏమైనా ఉన్నాయా, లేక ఈసెట్ ఒక్కటే దారా?

విశ్రాంత ప్రిన్సిపాల్: ఉన్నాయి. ఎలక్ట్రికల్ వారికి లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే సూపర్‌వైజర్ పర్మిట్ ఉంటే కాంట్రాక్టర్లు వెతుక్కుంటూ వస్తారు, ఎందుకంటే ఆ పర్మిట్ ఉన్న మనిషి లేకుండా వాళ్లకు లైసెన్సు నిలవదు. వెల్డింగ్ తనిఖీలో, వస్తువును పాడుచేయకుండా లోపాలు పట్టే ఎన్‌డీటీ పరీక్షల్లో రెండో స్థాయి అర్హత సంపాదించి గల్ఫ్ వెళ్లినవాళ్లు మా కళాశాల నుంచే చాలామంది ఉన్నారు. సివిల్ వారికి ఆరంభంలో తక్కువే, బిల్లుల కొలతలు స్వయంగా తీయగలిగితే నాలుగైదేళ్లలో అందుకుంటారు. ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) చదివిన ఆడపిల్లల పరిస్థితే నన్ను బాధిస్తుంది. సర్క్యూట్ చదవగలిగిన పిల్లను తీసుకెళ్లి అసెంబ్లీ లైన్లో స్క్రూలు బిగించడానికి కూర్చోబెడతారు. హాస్టలు, భోజనం, బస్సు ఇస్తున్నాం కదా అని జీతం తగ్గిస్తారు. మూడేళ్ల చదువు అక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఇంకొకటి, జూనియర్ ఇంజినీరు పరీక్షలకు బీటెక్ వారూ వచ్చి...

సమన్వయకర్త: సమయం తక్కువగా ఉంది సార్. బాబూ, సూటిగా అడుగుతాను. ఇప్పుడైనా ఈసెట్ రాస్తావా?

డిప్లొమా ఇంజినీరు: నాకు పాప పుట్టిందండి, ఉద్యోగం మానలేను. ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు బీటెక్ చదివేలా కోర్సు ఉన్నా, షిఫ్టు వారానికోసారి మారుతుంటే ఏ సాయంత్రం అని వెళ్లను? నేను డిగ్రీ అడగడం లేదు. నేను చేస్తున్న పనికి ఒక పేరు పెట్టి, ఆ పేరుకు ఒక రేటు ఉంటే చాలు. సూపర్‌వైజర్ అంటే సూపర్‌వైజర్ జీతం ఇవ్వండి. కార్మికుడు అంటే ఓవర్‌టైం ఇవ్వండి.

న్యాయవాది: 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని చెప్పింది. అది ప్రభుత్వ ఉద్యోగాల కేసు, ప్రైవేటుకు నేరుగా అన్వయించలేం. కానీ ఈయన అడిగింది ఆ తీర్పులోని న్యాయమే. పరిశ్రమ తరఫున ఇక్కడే ఒక మాట ఇవ్వగలరా? మీ దగ్గర సూపర్‌వైజర్ హోదా ఉండి, కింద ఎవరూ లేనివారు ఎంతమంది ఉన్నారు?

పారిశ్రామికవేత్త: అది ఇలా కెమెరా ముందు లెక్కపెట్టే విషయం కాదు. నేను అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నేర్చుకుని వెళ్లిపోతే నా నష్టం ఎవరిది? చదువు మార్చండి, యంత్రాలు ఇవ్వండి, పని వచ్చిన పిల్లలను పంపండి, జీతం నేను పెంచుతాను. అది రాకుండా చట్టంతో జీతం పెంచితే పరిశ్రమ మూతబడుతుంది. మూతబడిన పరిశ్రమలో ఎవరికి ఎంత జీతం?

విశ్రాంత ప్రిన్సిపాల్: నేను ఒక్క నిమిషం...

సమన్వయకర్త: క్షమించాలి సార్, విరామానికి వెళ్లాలి. నైపుణ్యం పెరగాలన్న యజమాని గారి మాట ముఖ్యమైనది. ఈసెట్ దారిపై, దానికి అయ్యే ఖర్చుపై వచ్చే వారం మరో చర్చ పెడతాం.

న్యాయవాది: ఎంతమంది ఉన్నారని అడిగాను, ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

పారిశ్రామికవేత్త: నా జవాబు నేను చెప్పాను మేడమ్.

డిప్లొమా ఇంజినీరు: మా విభాగంలో నాతో కలిపి ఆరుగురం ఉన్నామండి.

(కార్యక్రమం ఇక్కడ ముగిసింది.)