‘హంబుల్ పై’లో అసలు ఏముండేది?

[తెరపై: ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన పై, పొగలు]

నమస్కారమండీ. ఇంగ్లీషులో ‘ఈట్ హంబుల్ పై’ అంటారు. తప్పు ఒప్పుకుని తల దించుకోవడం అని అర్థం. మనం చెంపలేసుకోవడం అంటామే, అదే. దానికీ, పిండి తొడుగులో ఏదైనా కూరి కాల్చే ‘పై’ అనే వంటకానికీ సంబంధం ఏమిటి? ముందు పై ఎలా ఉండేదో చూద్దాం.

[తెరపై: పాతకాలపు ఇంగ్లండు వంటగది బొమ్మ]

మధ్యయుగాల ఇంగ్లండులో పై అంటే తీపి పళ్లకన్నా మాంసమే ఎక్కువ. పిండిని గట్టిగా కలిపి, అంచులు పైకి లేపి, డబ్బాలా చేసి, అందులో మాంసం కూరి, మూతేసి కాల్చేవారు. ఆ పిండి డబ్బా పేరు ‘కాఫిన్’! కంగారు పడకండి, ఆ మాటకు గ్రీకు మూలంలో అర్థం బుట్ట. శవపేటిక అన్న అర్థం తర్వాత వచ్చింది. 1390 ప్రాంతంలో రెండో రిచర్డ్ రాజు వంటవాళ్లు రాసిపెట్టిన వంటకాల్లో ఈ కాఫిన్లు కనిపిస్తాయి.

కాల్చాక మూతకున్న కన్నంలోంచి కరిగిన వెన్న పోయడం కూడా ఉండేది. అది లోపల గడ్డకట్టి గాలి తగలనిచ్చేది కాదు, పై నిలవుండేది. జాడీలో ఆవకాయ మీద నూనె తేలాలని మన అమ్మమ్మలు పట్టుబట్టేదీ ఇందుకే కదా! ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి గుంటూరు, ఆలోచన మాత్రం ఒక్కటే.

ఇక పై అన్న పేరు మ్యాగ్‌పై పిట్ట నుంచి వచ్చిందని చాలామంది భాషావేత్తల ఊహ. దొరికిందల్లా గూటికి చేర్చే పిట్ట అని పేరు. పైలో కూడా అన్నీ కలిపి కూరేవారు మరి.

[తెరపై: ‘నంబుల్స్’ అన్న మాటలోంచి ‘న’ జారిపోతుంది]

ఇప్పుడు అసలు కథ. వేటాడిన జింక కార్జం, గుండె లాంటి లోపలి భాగాలను ‘నంబుల్స్’ అనేవారు. పలకగా పలకగా మొదటి ‘న’ ఊడిపోయి ‘అంబుల్స్’ అయింది. ఏప్రన్ కూడా ఒకప్పుడు ‘నేప్రన్’. ఆరెంజ్ సంగతీ ఇంతే. ఆ పండు పేరు ఐరోపా చేరాక ‘న’ పోగొట్టుకుంది. మన నారింజలో మాత్రం భద్రంగా ఉంది!

అంబుల్స్‌తో చేసింది అంబుల్ పై. 1663 జులైలో లండన్‌లోని నౌకాదళ అధికారి శామ్యూల్ పీప్స్ తన డైరీలో, పొరుగావిడ వేడివేడిగా తెచ్చిన అంబుల్ పై ఎంతో బాగుందని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. అణకువ అనే అర్థమున్న ‘హంబుల్’ వేరే మాట, లాటిన్‌లో నేల అన్న పదంతో దానికి చుట్టరికం. చాలామంది ‘హ’ పలక్కపోవడంతో రెండూ ఒకేలా వినబడి కలిసిపోయాయి. 19వ శతాబ్దానికి రుచికరమైన పై కాస్తా చెంపలేసుకోవడం అయిపోయింది.

[తెరపై: 1911, అమెరికా కార్మికుల ఊరేగింపు బొమ్మ]

‘పై ఇన్ ద స్కై’ మాత్రం ఆకలిలోంచి పుట్టింది. 1911లో జో హిల్ అనే కార్మిక కవి రాసిన పాటలో, తిండి అడిగిన పేదవాడికి బోధకులు చెప్పే జవాబు అది. పని చేసుకో, ప్రార్థన చేసుకో, పోయాక ఆకాశంలో పై దొరుకుతుందని. అచ్చం మన అరచేతిలో వైకుంఠం.