గ్వాడలూప్‌లో మనవాళ్లు: కూరకు ముందే దక్కిన చోటు, మనిషికి డెబ్భై ఏళ్ల తర్వాత

(తెరపై: అరటాకులో అన్నం, దాని మీద పసుపు రంగు మేక మాంసం కూర)

ముందు ఈ కూర చూడండి. పసుపు, ధనియాలు, జీలకర్ర, ఆవాలు, మెంతులు, మిరియాలు కలిపి నూరిన పొడి వేసి వండిన మేక మాంసం. అరటాకులో అన్నం మీద వడ్డించారు. మన వైపు ఏదో అమ్మవారి జాతరలో పెట్టే భోజనంలా ఉంది కదా?

ఇది కరీబియన్ సముద్రంలో ఉన్న గ్వాడలూప్ దీవి. ఇప్పటికీ ఫ్రాన్స్‌లో భాగం. కూర పేరు కొలొంబో. అక్కడి జనాభాలో ఎక్కువమంది ఆఫ్రికా మూలాలున్నవాళ్లు. వాళ్లు కూడా దీన్ని తమ సొంత వంట అనే చెప్పుకుంటారు. ఈ రుచిని అక్కడికి తీసుకెళ్లినవాళ్ల పిల్లలకు మాత్రం ఓటు హక్కు రావడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. ఇవాళ ఆ కథే చెప్పుకుందాం.

(తెరపై: మ్యాప్. పాండిచ్చేరి, కారైకాల్ నుంచి అట్లాంటిక్ మీదుగా కరీబియన్ దాకా గీత)

1848లో ఫ్రాన్స్ తన వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. గ్వాడలూప్ చెరకు తోటల్లో నిన్నటిదాకా బానిసలుగా ఉన్నవాళ్లు కూలి ఇంత కావాలని అడగడం మొదలుపెట్టారు. కొందరు తోటలు వదిలేసి సొంతంగా చిన్న చెక్క నేల సాగు చేసుకున్నారు. తోటల యజమానులకు అది మింగుడుపడలేదు. చెప్పిన కూలికి, చెప్పినన్నాళ్లు, కదలకుండా పనిచేసే మనుషులు కావాలి వాళ్లకు. అప్పుడు వాళ్ల చూపు ఇండియా మీద పడింది.

1854 డిసెంబర్ 24న ఒరేలీ అనే ఓడ మూడు వందలకు పైగా భారతీయులతో గ్వాడలూప్ చేరింది. పక్కనున్న మార్తినీక్ దీవికి అంతకు ముందు ఏడాదే మొదటి ఓడ వెళ్లింది. 1861లో బ్రిటన్, ఫ్రాన్స్ ఒప్పందం చేసుకున్నాక బ్రిటిష్ ఇండియాలో కూడా కూలీలను ఎక్కించుకునే వీలు దొరికింది. 1889 నాటికి ఒక్క గ్వాడలూప్‌కే దాదాపు 42,000 మంది వెళ్లారు. తమిళులు ఎక్కువ. కలకత్తా వైపు నుంచి వెళ్లినవాళ్లున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

కాగితం మీద ఇది బానిసత్వం కాదు. ఐదేళ్ల ఒప్పందం, నెల జీతం, తిండి, గడువు ముగిశాక తిరుగు ప్రయాణం. కానీ వాళ్లు దిగింది నిన్నటిదాకా బానిసలు ఉన్న గుడిసెల్లోనే. నరికింది ఆ చెరకునే. చేతిలో కాగితం లేకుండా తోట దాటితే దేశదిమ్మరి అని కేసు పెట్టేవాళ్లు. జబ్బులకు, చాకిరీకి వేల మంది అక్కడే చనిపోయారు. ఓడెక్కినవాళ్లలో నాలుగో వంతు కూడా వెనక్కి రాలేదు. తిరుగు ప్రయాణం ఉంటుందన్న మాట నమ్మి వెళ్లినవాళ్ల సంగతి ఇది. ఈ లెక్క చదివినప్పుడల్లా కడుపులో దేవినట్టవుతుంది నాకు.

ఇప్పుడు కాస్త నిదానంగా అర్థం చేసుకోవాల్సిన విషయం. అప్పుడే సంకెళ్లు తెంచుకున్న నల్లజాతి కూలీలకు ఈ కొత్తవాళ్లు ఎలా కనిపించి ఉంటారు? తాము కూలి పెంచమని గట్టిగా నిలబడ్డ సమయంలో, ఆ పట్టు సడలించడానికి యజమాని దించిన మనుషుల్లా. అందుకే కోపం. ఆ కోపం యజమాని దాకా వెళ్లలేదు, పక్క గుడిసె దగ్గరే ఆగింది. 'కూలీ మలబా', అంటే మలబారు కూలీ అనేది తరతరాలుగా భారతీయులు పడ్డ తిట్టు. మార్తినీక్‌లోనైతే, ప్రతి కూలీకీ ఎప్పుడో ఒకప్పుడు మురిక్కాలవలో పడే రాత ఉంటుందని ఒక సామెతే పుట్టింది. ఒప్పందం ముగిశాక చాలామంది ఫోర్ ద ఫ్రాన్స్ పట్నం చేరి వీధులూడ్చే పనిలో కుదిరారు. ఆ సామెత అక్కడ పుట్టిందే.

రెండు బాధిత జనాల మధ్య ఆ గోడ లేపి లాభపడింది ఎవరో మర్చిపోకూడదు.

(తెరపై: రంగురంగుల గోపురం. కాపెస్తెర్ బెల్ ఓ, షాంజీ గుడి)

ఇక గుడికి వెళ్దాం. ఇది కాపెస్తెర్ బెల్ ఓ అనే ఊళ్లో షాంజీ అనే చోట ఉన్న మారెమ్మ గుడి. అక్కడి నోట 'మాలియెమెన్'. ఆమె పక్కనే మదురై వీరుడు, అంటే వాళ్ల 'మాల్దెవిలెన్'. వాళ్లు వెంట తీసుకెళ్లింది ఊరి పొలిమేరల్లో నిలబడే దేవతలను, మశూచి నుంచి, కరువు నుంచి కాపాడే దేవతలను. మొక్కు తీరిందంటే మేకను, కోడిని బలిస్తారు. పూజారిని 'పూసాలి' అంటారు. వాయించే వాటిలో ఒకటి 'తపూ', ఇంకొకటి 'మతలోన్'. మన డప్పు, మద్దెల తెలిసినవాళ్లకు వాటిని ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. బలి అయ్యాక అదే మాంసంతో వండి, వచ్చినవాళ్లందరికీ అరటాకుల్లో పెడతారు. ఆ వరుసలో నల్లజాతి ఇరుగుపొరుగు కూడా కూర్చుంటారు. కొలొంబో ఊరందరి కూర అయింది ఇలాంటి పంక్తుల్లోనే అని నాకనిపిస్తుంది.

ఆ పూజల్లో నా మనసును పట్టేసింది ఒక జెండా. అమ్మవారి పూజలోనే ఒక స్తంభం పాతి 'నాగూర్ మీరా' కోసం జెండా ఎగరేస్తారు. ఆయన తమిళనాడు నాగూరు దర్గాలో ఉన్న సూఫీ పీరు. సముద్రంలో వెళ్లేవాళ్లను కాపాడతాడని నమ్మకం. నెలల తరబడి ఓడలో నీళ్లు తప్ప మరేమీ కనపడని జనం ఆయన్ను తలుచుకున్నారు. నేల మీద దిగాక కూడా వదల్లేదు. హిందూ పూజలో ముస్లిం పీరు జెండా ఎగరడం అక్కడ మామూలు విషయం. దానికి తోడు వాళ్లలో చాలామంది బాప్తిజం తీసుకున్న క్యాథలిక్కులు. చర్చిలో ప్రార్థనకూ వెళ్తారు, మారెమ్మకూ మొక్కుతారు. చర్చి, చదువుకున్న పట్నంవాళ్లు ఈ పూజలను చాలాకాలం మంత్రతంత్రాలని ఈసడించారు. అయినా ఆగలేదు.

పాటలు మాత్రం నోటి నుంచి నోటికి, చేతిరాత పుస్తకాల నుంచి పుస్తకాలకు వెళ్లాయి. రాత్రంతా ఆడే 'నాద్రోన్' అనే నాటకం ఉంది. రామాయణ, భారత కథలు. మన వీధి నాటకం చూసినవాళ్లకు ఆ కిరీటాలు, ఆ గెంతులు కొత్తగా అనిపించవు. అందులోని తమిళం ఇప్పుడు పాడేవాళ్లలో చాలామందికి అర్థం కాదు. ఇంట్లో క్రియోల్, అంటే ఫ్రెంచ్, ఆఫ్రికా భాషలు కలిసి పుట్టిన అక్కడి భాష. బడిలో ఫ్రెంచ్. మన భాషలన్నీ అక్కడ అలాగే జారిపోయాయి.

(తెరపై: 1904, 1923 అంకెలు)

ఇక ఓటు సంగతి. అన్రీ సిదంబరోమ్. 1863లో కాపెస్తెర్‌లో భారతీయ దంపతులకు పుట్టాడు. ఫ్రెంచ్ నేల మీద పుట్టి, ఫ్రెంచ్ బడిలో చదివి, ఫ్రాన్స్‌కు పన్నులు కడుతున్నవాళ్లు ఫ్రెంచ్ పౌరులు ఎందుకు కాదు? ఆయన ప్రశ్న అంతే. 1904లో భారతీయ కూలీల పిల్లల పేర్లను ఓటర్ల జాబితాలో చేర్చాలని కోరాడు. గవర్నర్ ఒప్పుకోలేదు. వీళ్లు బ్రిటిష్ ప్రజలు, మన పౌరులు కారు అని వాదన. కేసు కోర్టుకెక్కింది. ఏళ్లు గడిచాయి, మధ్యలో ప్రపంచ యుద్ధం వచ్చి వెళ్లింది. సిదంబరోమ్ మాత్రం వదల్లేదు. చివరికి 1923లో ఫ్రాన్స్ ప్రధాని పువాంకారే ప్రభుత్వం ఓటు హక్కు, సైన్యంలో చేరే హక్కు ఒప్పుకుంది. 1904లో నలభై దాటిన మనిషికి అప్పటికి అరవై దగ్గరపడ్డాయి. 1952లో కన్నుమూశాడు.

తర్వాత దారి కాస్త తెరుచుకుంది. సాన్ ఫ్రాన్స్వా ఊరికి చెందిన భారతీయ సంతతి రచయిత ఎర్నెస్ట్ ముతుసామి 1981 నుంచి 2002 దాకా పారిస్‌లోని జాతీయ అసెంబ్లీలో గ్వాడలూప్ ప్రతినిధి. సొంత ఊరికి మేయర్‌గా కూడా పనిచేశాడు.

ఇప్పుడు అక్కడ భారతీయులు ఎంతమంది? ఫ్రాన్స్ జనాభా లెక్కల్లో జాతి అడగరు, కాబట్టి అధికారిక అంకె లేదు. పదో వంతు చుట్టుపక్కల అన్నది అంచనా. ట్రినిడాడ్, గయానాల్లో లాగా ఎన్నికల్లో పార్టీని నిలబెట్టేంత సంఖ్య కాదు. దీవిలో ఇంకా చిన్న సమూహాలూ ఉన్నాయి: బట్టల వ్యాపారంలో స్థిరపడ్డ సిరియా, లెబనాన్ కుటుంబాలు, గ్రాన్ ఫోన్ కొండల్లోని పేద తెల్లవాళ్లు. వాళ్ల మీద విడిగా వీడియో చేయాలి.

(తెరపై: గళ్ల తలపాగా కట్టిన క్రియోల్ మహిళ)

ఆ తలపాగా బట్టను మద్రాస్ అంటారు. కూలీల ఓడల కన్నా ముందే వ్యాపారంలో చేరిన బట్ట అది. ఇలాంటి గళ్ల రుమాళ్లను మన చీరాల నేతగాళ్లు కూడా నేసి విదేశాలకు పంపారు.

ఇప్పుడు ఆ దీవుల్లో కొందరు తమ పూర్వీకుల ఊళ్లు వెతుక్కుంటున్నారు. చేతిలో ఉండేది ఓడ రిజిస్టర్లలో ఫ్రెంచ్ గుమాస్తా విని రాసిన పేరు, ఊరు. అక్షరాలు తారుమారైన ఆ ఊరి పేరు మనవాళ్లు పలికితేనే గుర్తుపట్టే అవకాశం ఎక్కువ. 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉన్న యానాంలో గానీ, కోస్తా జిల్లాల్లో గానీ, ఓడెక్కి వెళ్లి తిరిగి రాని ముత్తాత కథ మీ ఇంట్లో ఉంటే, ఆయన పేరు, మీ ఊరి పాత పేరు కామెంట్‌లో రాయండి.