పాత స్పీడు కారు అంత పెట్రోలు ఎందుకు తాగుతుంది?

అందరికీ నమస్కారం. రాయగడ నుంచి, గుణుపురం నుంచి, పర్లాకిమిడి నుంచి కూడా వచ్చారు. ఒడిశాలోని మన జయపురంలో కార్ల గురించి తెలుగులో ఇంతమంది కలిసి మాట్లాడుకోవడం చాలా సంతోషంగా ఉంది.

మన దగ్గరున్నవి పాత హోండా సిటీ వీటెక్, పాలియో 1.6, ఐకాన్ 1.6, ఒకటి రెండు ఆక్టేవియా ఆర్‌ఎస్‌లు. ఇరవై ఏళ్ల బండ్లు. "స్పీడు బండి కదా, తాగుతుంది మరి" అని సరిపెట్టుకుంటాం. నేను ఒప్పుకోను. కొత్తలో ఇచ్చిన మైలేజీ ఇప్పుడు ఇవ్వడం లేదంటే ఎక్కడో ఏదో చెడింది. ముందు బండిని కంపెనీ నుంచి వచ్చినట్టు చెయ్యాలి. కొత్తవి తగిలించడం ఆ తర్వాత మాట.

నేను మొట్టమొదట చూసేది థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వు. ఎండాకాలం ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కిందనుకోండి, చాలా షెడ్లలో ఆ వాల్వు పీకేసి పంపిస్తారు. వేడి తగ్గుతుంది, ఓనరు సంతోషిస్తాడు. అసలు జబ్బు మాత్రం పూడుకుపోయిన రేడియేటర్‌లోనో, తిరగని ఫ్యాన్‌లోనో, పట్టు పోయిన రేడియేటర్ మూతలోనో ఉంటుంది. థర్మోస్టాట్ కారును బట్టి సుమారు 78 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. సెమిలిగూడ, పొట్టంగి వైపు డిసెంబరు పొద్దున అసలు సరైన వేడికే రాదు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అనుకుని, పాత కార్లలో చోక్ లాగినట్టు, పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఆయిల్ కూడా చిక్కగానే ఉంటుంది. ఇంత నష్టం ఒక చిన్న వాల్వు లేనందుకు.

దాని తర్వాత ఆక్సిజన్ సెన్సార్, అంటే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఈసీయూకు చెప్పేది. స్కానర్ పెట్టి చూడండి. బాగున్న పాత రకం సెన్సార్ 0.1, 0.9 వోల్టుల మధ్య చురుగ్గా మారుతూ ఉంటుంది. మందగించినా, ఒకేచోట నిలిచిపోయినా దాన్ని, దాని వైరింగును అనుమానించాలి. కాసేపు నడిపి ఆపాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒక్క చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉండొచ్చు. టైర్లలో గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. అందం కోసం వెడల్పు టైర్లు వేసినవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. టైరు మొత్తం ఎత్తు మారితే కిలోమీటర్లు లెక్కపెట్టే ఓడోమీటర్ తప్పు చెబుతుంది, మీరు వేసే మైలేజీ లెక్కా తప్పే.

ఇప్పుడు ఘాట్ విషయం. దీన్ని నేను గట్టిగానే చెబుతాను. సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లేటప్పుడు న్యూట్రల్ కొట్టి బండి వదిలేసేవాళ్లు మనలో ఉన్నారు. కొందరు ఇంజన్ కూడా ఆపేస్తారు. పెట్రోలు మిగులుతుందని వాళ్ల నమ్మకం. ఇంజెక్షన్ కారులో జరిగేది వేరు. గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. ఈసీయూ పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఇంజన్ ఐడిల్‌లో నడవాలి కాబట్టి పెట్రోలు కాలుతూనే ఉంటుంది. అంటే గేరులో దిగితేనే ఆదా. ఇంజన్ ఆపితే, పెడల్ తేలిగ్గా తొక్కేలా సాయపడే బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ అందదు. రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుస్తుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. ఆ మలుపుల్లో ఎదురుగా లోడు లారీ వస్తుంటే ఏమవుతుందో ఆలోచించండి. దయచేసి ఆ అలవాటు మానండి, ఇంట్లో కుర్రాళ్లచేత కూడా మాన్పించండి.

ఎక్కేటప్పుడు ఇంజన్ వణక్కుండా లాగే పెద్ద గేరులో, యాక్సిలరేటర్ కాస్త ధైర్యంగా తొక్కండి. పూర్తిగా నేలకు అదిమితే మాత్రం, ముఖ్యంగా టర్బో బండ్లలో, ఇంజన్‌ను కాపాడుకోవడానికి ఈసీయూ అదనంగా పెట్రోలు పోస్తుంది.

ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందని చాలామంది అంటారు. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో పరీక్షించి చూస్తే, ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తగ్గింది పికప్. ఫిల్టర్ మార్చండి, అయితే ఇంజన్ ఆరోగ్యం కోసం. పెట్రోలు పైపుకు కట్టే అయస్కాంతాల లాంటివాటికి డబ్బు పెట్టకండి. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి పరికరాలను వందకు పైగా పరిశీలించింది. గట్టిగా మైలేజీ పెంచింది ఒక్కటీ కనపడలేదు.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్ల కొంత తగ్గుదల మన చేతుల్లో లేదు. పెట్రోలుకే తయారై, పది శాతం ఇథనాల్‌కు సర్దిన కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. పాత రబ్బరు పెట్రోలు పైపులు పగిలాయేమో తప్పకుండా చూసుకోండి. అది మైలేజీ కంటే పెద్ద విషయం, మంటలతో వ్యవహారం.

ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు వరకు లెక్క రాయండి, వీలైతే ఒకే బంకులో. ఒకేసారి నాలుగు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు.

ఇప్పుడు బయటికి వెళ్దాం. పొద్దున్నుంచి స్టార్ట్ చెయ్యని బండ్లు ముందు చూద్దాం. స్టార్ట్ చేశాక చాలా కార్లలో రేడియేటర్ పైభాగంలోని పైపు కాసేపు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచీ మెల్లమెల్లగా వేడెక్కుతుంటే థర్మోస్టాట్ తెరిచి ఉండిపోయిందో, ఎవరో తీసేశారో. ఫ్యాను, బెల్టు వైపు చేతులు పోనివ్వకండి.