మామిడికాయ తరిగితే కత్తికి మచ్చలెందుకు?

[దృశ్యం: హైదరాబాద్‌లో ఓ వంటగట్టు. సగం తరిగిన మామిడికాయ, పక్కనే కత్తి. కెమెరా అంచు దగ్గరికి వెళ్లాలి]

ఈ గోధుమరంగు చుక్కలు చూడండి. పప్పులోకి మామిడికాయ తరుగుతుంటే టోలిచౌకి నుంచి మా బావ ఫోన్ చేశాడు. కత్తి కడక్కుండా గంట మాట్లాడాను. వచ్చేసరికి ఇదీ సంగతి.

ఈ కత్తి డీ2 అనే రకం ఉక్కుతో చేసింది. క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. స్టెయిన్‌లెస్ అనడానికి 10.5 చాలంటారు. మరి తుప్పెందుకు?

క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు మీద పొర కడుతుంది. కొన్ని నానోమీటర్ల మందమే, కానీ తుప్పును ఆపేది అదే. డీ2లో ఒకటిన్నర శాతం కార్బన్ కూడా ఉంది. అది క్రోమియాన్ని పట్టుకుని కార్బైడ్ గింజలుగా మారిపోతుంది. పెళ్లిలో వడ్డనకు పన్నెండు మందిని పిలిస్తే, సగం మంది పేకాటకు కూర్చున్నట్టు! లెక్కకు పన్నెండే, బంతిలో మనుషులు చాలరు.

[దృశ్యం: అంచులో చిన్న పెచ్చు ఊడిన చోటు. గోటితో తడిమి చూపించాలి]

ఇది నల్లి ఎముక మీద కొట్టినప్పటిది. దోషి మళ్లీ కార్బైడే. గట్టిదనం వేరు, దెబ్బ ఓర్చుకోవడం వేరు. గాజు గట్టిదే కదా! డీ2లో పెద్ద కార్బైడ్లు 20 మైక్రాన్లు దాటతాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. పదునైన అంచు కొస మైక్రాన్ అటూ ఇటూ. అంత సన్నటి చోట అంత గింజ ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది.

తీసేయొచ్చుగా అంటారేమో. పదును నిలిపేవీ అవే మరి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు చేసిన ఉక్కుతో కత్తులు కొడితే కనిపించే నీటి అలల్లాంటి చారలు కూడా ఇనుప కార్బైడ్లే.

అందుకే గింజల్ని చిన్నవి చేశారు. కరిగిన ఉక్కును గ్యాస్‌తో చిమ్మి పొడి చేస్తారు. ఒక్కో రేణువు చటుక్కున గడ్డకడుతుంది, కార్బైడ్లు పెరిగే టైమే ఉండదు. ఆ పొడిని వేడిలో అదిమి దిమ్మ చేస్తారు.

[దృశ్యం: రెండో కత్తి]

ఈ కత్తిది మాగ్నాకట్ అనే ఉక్కు. 2021లో లోహ శాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించిన ఇదీ అలా పొడితో చేసిందే. ఇందులో క్రోమియం 10.7 శాతమే, డీ2 కంటే తక్కువ! అయినా తుప్పును బాగా ఆపుతుంది. కార్బన్‌ను ఇందులో కలిపిన వనాడియం, నియోబియం అనే లోహాలు పట్టేసుకున్నాయి. క్రోమియం పొర కట్టే పనిలోనే ఉంది.

అలాగని డీ2ని పారేయను. ఉల్లిపాయలకు దీని పదును నాకు ఇష్టం. తరగ్గానే కడిగి తుడవాలి, అంతే. నల్లి ఎముక మాత్రం ఇక మటన్ కొట్టులోనే కొట్టించుకొస్తా.

[దృశ్యం: సానరాయి మీద తడి కత్తి. శబ్దం మాత్రమే]