మీ పాప పోటీ లియోటార్డ్ కొనేముందు

నమస్కారం అండీ. జిమ్నాస్టిక్స్ మీట్ దగ్గరపడుతోందంటే ఇంట్లో ముందు మొదలయ్యే హడావిడి డ్రెస్సుదే, అంటే ఒంటికి అతుక్కునే ఆ ఒకే ముక్క లియోటార్డ్‌దే. రంగు, మెరుపు, ఎన్ని స్టోన్స్ ఉన్నాయి అని చూస్తాం. పాపకి ఒంటిమీద ఎలా ఉందన్నది ఆఖర్న అడుగుతాం. నన్నడిగితే మొదట అడగాల్సింది అదే.

సైజు దగ్గర మొదలుపెడదాం. "పదేళ్ల పాపకి ఇవ్వండి" అని వయసు చెప్పి కొంటే లియోటార్డ్ కుదరదు. ఛాతీ, నడుము, హిప్ కొలతలతో పాటు గిర్త్, అంటే భుజం నుంచి కాళ్ల మధ్యగా మొండెం చుట్టుకొలత కావాలి. పాపని నిటారుగా నిలబెట్టి, టేపుని భుజం మధ్యలో పెట్టి, ముందు నుంచి కిందికి, కాళ్ల మధ్యగా తీసుకెళ్లి, వీపు మీదుగా మళ్లీ అదే భుజానికి తీసుకురండి. టేపు ఒంటికి ఆనాలి, బిగుసుకోకూడదు. సైజ్ చార్ట్‌లో ఛాతీకి ఒక సైజు, గిర్త్‌కి పెద్ద సైజు వస్తే గిర్త్ మాటే వినండి. గిర్త్ చాలకపోతే భుజాలు కోసుకుపోతాయి, కిందంతా పైకి లాగేస్తుంది. పాప బీమ్ (బ్యాలెన్స్ చేసే సన్నటి దూలం) మీదకి ఎక్కేముందు కూడా వెనక సర్దుకుంటూనే ఉంటుంది.

ఎదిగే పిల్ల కదా అని రెండు సైజులు పెద్దది తీసుకుంటాం చూశారూ, స్కూల్ యూనిఫామ్‌కి అది సరిపోతుంది. ఇక్కడ వద్దండి. వదులు బట్ట నడుము దగ్గర ముడతలు పడుతుంది, చంకల దగ్గర తెరుచుకుంటుంది, తలకిందులైనప్పుడు జారుతుంది.

వేసి చూసేటప్పుడు అద్దం ముందు నిలబెడితే ఏమీ తెలియదు. చేతులు పైకెత్తమనండి, బ్రిడ్జ్ (వెనక్కి విల్లులా వంగడం), స్ప్లిట్ (కాళ్లు పూర్తిగా చాపడం), హ్యాండ్‌స్టాండ్ (చేతుల మీద నిలబడటం) చేయించండి. కాసేపయ్యాక విప్పించి తొడ దగ్గర ఎలాస్టిక్ ఆనిన చోట, చంక కింద చూడండి. ఎర్రటి గీత లోతుగా పడిందంటే ఆ సైజు, లేదా ఆ కట్ పనికిరాదు.

తర్వాత లియోటార్డ్‌ని తిరగేసి లోపలంతా అరచేత్తో రాయండి. నెట్ కుట్లు, స్టోన్స్ వెనక గట్టిపడిన గమ్ మీ చేతికే గుచ్చుకుంటే పాప చర్మం సంగతి చెప్పక్కర్లేదు. అన్‌ఈవెన్ బార్స్ (ఒకటి ఎత్తుగా, ఒకటి కిందికి ఉండే రెండు కడ్డీలు) చేసే పిల్లలైతే పొత్తికడుపు, తుంటి ఎముకల దగ్గర స్టోన్స్ అసలు వద్దు. బార్ చుట్టూ తిరిగేటప్పుడు ఒంటి బరువంతా అక్కడే ఆనుతుంది. మన ఎండల్లో, ఏసీ లేని హాల్లో పొడుగు చేతుల వెల్వెట్ అంటే పిల్ల చెమటతో తడిసిపోతుంది. సాగే, పలచటి నైలాన్ లైక్రా నయం.

ఇప్పుడు అసలు విషయం. పది, పన్నెండేళ్లు వచ్చేసరికి చాలామంది అమ్మాయిలకి బెరుకు మొదలవుతుంది. లోదుస్తులు కనిపిస్తాయేమో, పీరియడ్ వస్తే ఎలా అనే టెన్షన్. నోరు తెరిచి చెప్పరు. మనమే అడగాలి. ముదురు రంగు, తొడ దగ్గర కట్ కిందికి ఉన్న మోడల్, ఒంటిరంగు లోదుస్తులు, ఇవన్నీ ఇబ్బందిని తగ్గిస్తాయి.

రూల్స్ ఒప్పుకోవేమో అనుకోకండి. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య రూల్స్ ప్రకారం కాళ్ల దగ్గర కట్ తుంటి ఎముక దాటి పైకి పోకూడదు, భుజం పట్టీ కనీసం 2 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. చీలమండల దాకా ఉండే యూనిటార్డ్‌కీ అనుమతి ఉంది. 2021 ఏప్రిల్‌లో బాసెల్ యూరోపియన్ పోటీల్లో జర్మనీ అమ్మాయి సారా వాస్ అదే వేసుకుంది, ఆ తర్వాత టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో వాళ్ల టీమంతా వేసుకుంది. 2024లో న్యూజిలాండ్ జిమ్నాస్టిక్స్ సమాఖ్య ఇంకో అడుగు వేసి, లియోటార్డ్ మీద షార్ట్స్ లేదా లెగ్గింగ్స్ వేసుకోవచ్చని, లోదుస్తులు కనిపించినా పాయింట్లు కోయబోమని ప్రకటించింది. మీ జిల్లా, రాష్ట్ర పోటీలకి ఏ రూల్ నడుస్తుందో మాత్రం సర్క్యులర్ చూసి, కోచ్‌ని అడిగి తేల్చుకోండి.

కొత్తది నేరుగా పోటీ రోజున వేయకండి. ముందు ఒక ప్రాక్టీస్‌లో రొటీన్ మొత్తం దానితోనే చేయించండి. ఉతికేటప్పుడు చల్లటి నీళ్లు, పిండటం వద్దు, నీడలో ఆరేయండి.

ఒక మాట కోచ్‌లకి, అకాడమీల వాళ్లకి. టీమ్ మొత్తానికి ఒకే డిజైన్ ఆర్డర్ ఇచ్చేముందు ఒక్కో సైజులో ఒక్కోటి తెప్పించి, పిల్లల చేత వేయించి, రెండు టంబుల్స్ (పల్టీలు) చేయించండి. ఏ అమ్మాయి అయినా "నాకిది బాలేదు మేడమ్" అంటే ఆ డిజైన్ మార్చండి. డబ్బు కట్టకముందైతే అది తేలిక.